రాత్రికి లక్ష: గదికెంత, అడవికెంత?

ఏ ఆఫ్రికా సఫారీ కంపెనీ బ్రోచరు తెరిచినా అవే బొమ్మలు. గుడారం లోపల తెల్లటి స్నానపు తొట్టి, వరండాలో చిన్న ఈత కొలను, దాని అంచున లాంతరు, దూరంగా నీళ్లు తాగుతున్న ఏనుగు. కింద చిన్న అక్షరాల్లో ధర. ఒక్కరికి ఒక్క రాత్రికి 900 డాలర్లు, 1,200 డాలర్లు, 2,000 డాలర్లు. డాలరు 90 రూపాయల చుట్టూ తిరుగుతున్న ఈ రోజుల్లో భార్యాభర్తలిద్దరూ నాలుగు రాత్రులు ఉండి రావాలంటే విమానం టికెట్లు కాకుండానే ఎనిమిది తొమ్మిది లక్షలు. ఈ మాట హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో అంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ‘సింహమే కదా, జూపార్కులో లేదా?’ ప్రశ్న మొరటుగా ఉన్నా న్యాయమైనదే. దానికి జవాబు చెప్పుకోకుండా బుక్ చేసుకున్నవాళ్లలో చాలామంది మంచి హోటల్‌కి వెళ్లొచ్చామన్న తృప్తితో సరిపెట్టుకుంటున్నారు.

ఆ ధరలో తొట్టికీ కొలనుకీ పోయేది కొంతే. అసలు ఖరీదు బొమ్మలో పడని వాటిది. గుడారం చుట్టూ ఉన్న నేల ఎవరిది, ఎంత? ఆ నేల మీదికి ఎన్ని బండ్లు రానిస్తారు? బండి నడిపేవాడికి అడవి ఎంత తెలుసు? మీరు వెళ్లిన నెలలో జంతువులు ఆ చుట్టుపక్కల ఉంటాయా? ఈ నాలుగూ కుదిరితే మామూలు గుడారంలో పడుకున్నా డబ్బు గిట్టుతుంది. కుదరకపోతే వెండి గిన్నెల్లో భోజనం పెట్టినా దండగే. సఫారీ ఏర్పాట్లన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి కాబట్టి, ఆఫ్రికాలో పేరున్న చోట్లను వీటితోనే కొలిచి చూద్దాం.

మారా: గట్టుకు ఇవతల, అవతల

ఎక్కువమంది మనసులో సఫారీ అంటే కెన్యాలోని మసాయి మారా. 1,510 చదరపు కిలోమీటర్ల రిజర్వు. దక్షిణాన కంచె లేకుండా టాంజానియాలోని సెరెంగెటిలో కలిసిపోతుంది. సెరెంగెటి దీనికి దాదాపు పదింతలు. పది లక్షలకు పైబడ్డాయని చెప్పుకునే వైల్డ్‌బీస్ట్, వాటితో లక్షల జీబ్రాలు, జింకలు వాన వెనకాలే గడ్డి వెతుక్కుంటూ ఈ రెండు చోట్ల మధ్య ఏడాది పొడుగునా తిరుగుతుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా మారా నది దాటడం అందులో ఒక ఘట్టం. మొసళ్లు, దుమ్ము, తొక్కిసలాట... టీవీలో మనం చూసేది ఇదే.

టీవీలో చూపించనిది కెమెరా వెనకాల ఉంటుంది. ఆగస్టు మధ్యాహ్నం నదికి ఇవతల గట్టున పదుల సంఖ్యలో వ్యాన్లు, జీపులు ఎదురుచూస్తుంటాయి. మంద నీళ్లలోకి దిగగానే అన్నీ ఒక్కసారి స్టార్టవుతాయి. 2025 జులైలో సెరెంగెటి ఉత్తరపు కొసన పర్యాటకులు బండ్లు దిగి గట్టు మీద బారులు తీరి, జంతువుల దారికే అడ్డం నిలబడిన వీడియో లోకమంతా తిరిగింది. ఈ రద్దీని తగ్గించాలనీ ఆదాయం పెంచుకోవాలనీ మారా రిజర్వును నడిపే నరోక్ కౌంటీ 2024 నుంచి విదేశీయులకు ప్రవేశ రుసుము పెంచింది. జనవరి నుంచి జూన్ దాకా తలకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. అదీ పన్నెండు గంటలకే. రద్దీ పెద్దగా తగ్గలేదు గానీ మన ఖర్చు మాత్రం పెరిగింది. రిజర్వు లోపల పడమటి ముక్క అయిన మారా ట్రయాంగిల్‌ని 2001 నుంచి మారా కన్జర్వెన్సీ అనే సంస్థ నడుపుతోంది. అక్కడ క్రమశిక్షణ కాస్త మెరుగని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

మారా కథలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది రిజర్వు సరిహద్దు దాటాక ఉత్తరాన మొదలయ్యే నేల. అది ప్రభుత్వానిది కాదు, మసాయి కుటుంబాలది. ఒకప్పుడు ఉమ్మడి మేత భూమి. తర్వాత పట్టాలు చేసి కుటుంబానికింత అని పంచారు. పట్టా చేతికొచ్చాక ఎవరి ముక్కకు వాళ్లు కంచె వేసుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, అమ్ముకోవచ్చు. అన్ని ముక్కలకూ కంచెలు పడితే ఏనుగులకు దారి ఉండదు, సింహాలకు వేట ఉండదు. ఆ దశలో పుట్టినవి కన్జర్వెన్సీలు. పక్కపక్క పట్టాదారులు వందలమంది తమ భూములను ఒక్కటిగా చేసి సఫారీ కంపెనీలకు లీజుకిస్తారు. నబోయిషోలో అలాంటి పట్టాదారులు ఐదు వందలకు పైనే. కంపెనీలు పర్యాటకులు వచ్చినా రాకపోయినా ఎకరాకింత అని కట్టాలి. బదులుగా కంచెలుండవు, కొత్త ఇళ్లు లేవవు. పశువుల మేత పూర్తిగా ఆగదు గానీ వంతులవారీగా, ఒప్పుకున్న చోట్లకే పరిమితమవుతుంది. ఓల్ కిన్యేయి, ఒలారె మోటోరొగి, మారా నార్త్, నబోయిషో ఇలా 2005 నుంచి ఐదారేళ్లలో ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చినవే. ఇప్పుడు అన్నీ కలిపితే విస్తీర్ణం రిజర్వుతో దాదాపు సమానం.

కన్జర్వెన్సీలో పడుకునేవాడికి దీనివల్ల ఒరిగేదేమిటి? కొన్ని వందల ఎకరాలకు ఒక్క గుడారం చొప్పున పడకల లెక్క కట్టేస్తారు. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఆగకూడదు. రాత్రి సవారీ ఉంటుంది, గైడ్‌తో నడక ఉంటుంది. రిజర్వులో ఈ రెండిటికీ అనుమతి లేదు. బయటి నుంచి ఒక్క రోజు కోసం వచ్చే వ్యాన్లకు ఇక్కడ ప్రవేశమే లేదు. అంటే మీరు కట్టే డబ్బులో పెద్ద వాటా ఇంకొకరు అక్కడికి రాకుండా ఉండటానికి కట్టే అద్దె. మాట చేదుగానే ఉంటుంది, కానీ విలాసం అన్నదానికి అడవిలో ఇంతకంటే నిజమైన అర్థం నాకు కనపడలేదు.

ఈ ఏర్పాటుకూ లోపాలున్నాయి. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేర్లనే ఉన్నాయి కాబట్టి లీజు డబ్బు వాళ్ల చేతుల్లోకే పోతుంది. భూమి దక్కని కుటుంబాలకు వచ్చేది అంతంతమాత్రం. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు అద్దెలు తగ్గించమని కంపెనీలు పట్టాదారుల్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. అడవి బతుకంతా విదేశీ పర్యాటకుడి మూడ్ మీద ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. 2025 ఆగస్టులో రిజర్వు లోపల సాండ్ నది ఒడ్డున తెరిచిన ఒక ఖరీదైన లాడ్జి జంతువుల వలస దారికి అడ్డమంటూ కోర్టు దాకా వెళ్లారు మసాయి ఉద్యమకారులు. కాబట్టి ‘మారా’ అన్న పేరు చూసి ఆగిపోవద్దు. క్యాంపు రిజర్వు లోపలా, గేటు బయట రద్దీలోనా, కన్జర్వెన్సీలోనా అన్నది మొదట అడగాలి. మూడింటి ధరల్లో తేడా ఉంటుంది, అనుభవంలో అంతకు మించిన తేడా ఉంటుంది.

సాబీ సాండ్: చిరుతను చూడాలంటే

దక్షిణాఫ్రికా దారి వేరు. క్రూగర్ జాతీయవనం దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. 1898లో అప్పటి అధ్యక్షుడు పాల్ క్రూగర్ ప్రకటించిన సాబీ రిజర్వు పెరిగి 1926లో జాతీయవనమైంది. తారు రోడ్లు, పెట్రోల్ బంకులు, సర్కారు కాటేజీలు అన్నీ ఉన్నాయి. సొంతంగా కారు నడుపుకుంటూ, స్కుకుజా లాంటి విశ్రాంతి శిబిరంలో వండుకు తింటూ వారం గడిపినా ఖరీదైన లాడ్జిలో ఒక్క రాత్రికయ్యేంత ఖర్చు కాదు. విలాసం గురించిన వ్యాసంలో ఈ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఓపిక, తీరిక ఉన్నవాళ్లకు క్రూగర్ ఇప్పటికీ ఆఫ్రికాలో అన్నిటికన్నా చవకైన మంచి బేరం. షరతులు రెండే. రోడ్డు దిగకూడదు, గేటు మూసే వేళకు శిబిరానికి చేరాలి.

ఆ రెండు షరతులూ లేని నేల క్రూగర్‌ని ఆనుకునే ఉంది. అదే సాబీ సాండ్. సుమారు 65,000 హెక్టార్ల ప్రైవేటు భూమి. ఒకప్పటి పశువుల ఎస్టేట్లు, వేట స్థలాల యజమానులు కలిసి చేసుకున్న రిజర్వు. 1993లో క్రూగర్‌కీ దీనికీ మధ్య ఉన్న కంచె తీసేశారు. అప్పటినుంచి జంతువులకు అదంతా ఒకటే అడవి. మనుషులకు మాత్రం కాదు. సాబీ సాండ్ లాడ్జిలో దిగినవాడికే ఆ దారులు.

ఇక్కడ పైకప్పు లేని ల్యాండ్ క్రూజరులో ముందు బానెట్ మీద ఒక చిన్న సీటు. దాని మీద ట్రాకర్. ఎక్కువగా షంగాన్ తెగవాడై ఉంటాడు. దారి మీద అడుగు చూసి, గడ్డి వంగిన తీరు చూసి, కోతుల అరుపు విని చిరుత ఎటు వెళ్లిందో చెప్తాడు. జాడ పొదల్లోకి తిరిగితే బండీ రోడ్డు దిగి పొదల్లోకి వెళ్తుంది. మన పులుల అభయారణ్యాల్లో జీపు దారి దిగితే నేరం, కాబట్టి మొదటిసారి చూసినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు దిగకూడదు, ఒక జంతువు దగ్గర రెండు మూడు బండ్లకు మించకూడదు అన్న నియమాలు గట్టివి. గైడ్లు రేడియోలో వంతులు మాట్లాడుకుంటారు.

చిరుతలు బండ్లను చూసి బెదరకపోవడం ఇక్కడి ప్రత్యేకత. ఇక్కడి లొండొలొజి లాడ్జి యజమానుల్లో ఒకడైన జాన్ వార్టీ 1979 నుంచి ఒక ఆడ చిరుతను వెంబడించి, చిత్రీకరిస్తూ పోయాడు. ఆ తల్లి పిల్లలు, పిల్లల పిల్లలు బండ్ల మధ్యే పెరిగాయి. ఆఫ్రికాలో ఇంకెక్కడైనా చిరుత కనపడితే అదృష్టం. ఇక్కడ మూడు రోజుల్లో కనపడకపోతే దురదృష్టం. అడవి అంటే అనిశ్చితి అని నమ్మేవాళ్లకు ఇది కొంచెం మరీ తేలికగా అనిపిస్తుంది. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయినా మొదటిసారి వెళ్లే కుటుంబం, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేది, ఈ తేలికకు నామోషీ పడాల్సిన పని లేదు.

‘బిగ్ ఫైవ్’ గురించి ఒక మాట. సింహం, చిరుత, ఏనుగు, ఆఫ్రికా దున్న, ఖడ్గమృగం అన్న ఈ జాబితా కాలినడకన తుపాకి పట్టుకు వెళ్లిన వేటగాళ్లది. కెమెరాతో వెళ్లేవాడికి దానితో పనేముంది? చీతా అందులో లేదు. గుంపుగా వేటాడే రంగురంగుల అడవికుక్కలు లేవు. జిరాఫీ లేదు. ఐదూ అయిపోయాయా అని టిక్కులు పెట్టుకుంటూ తిరిగేవాళ్లు సవారీ మధ్యలో ఫోన్లు చూసుకుంటూ కూర్చోవడం మామూలే. ఇక ఖడ్గమృగం సంగతి. క్రూగర్ చుట్టుపక్కల చాలా రిజర్వుల్లో అది కొమ్ము లేకుండా కనిపిస్తుంది. 2024లో దక్షిణాఫ్రికాలో 420 ఖడ్గమృగాలను దొంగ వేటగాళ్లు చంపారు. కొమ్ము ముందే కోసేస్తే చంపడం బాగా తగ్గుతుందని ఈ ప్రాంతంలో ఏడేళ్లపాటు చేసిన అధ్యయనం తేల్చింది. ఫొటోలో బాగుండదని మొహం చిట్లించుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దక్షిణాఫ్రికా గురించి ఇంకా రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. బోట్స్‌వానా సరిహద్దున ఉన్న మాదిక్వె ఒకప్పటి పశువుల మేత భూమి. 1991 తర్వాత ఎనిమిది వేలకు పైగా జంతువులను తెచ్చి వదిలి అడవిగా చేశారు. మలేరియా లేని ప్రాంతం కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్లు, గర్భిణులు ముందుగా చూడాల్సింది దీన్నే. క్వాజులు-నటాల్‌లో ఫిండా, ఇంఫొలోజి రిజర్వులున్నాయి. ఫిండాలో కొంత భూమి హక్కు 2007లో స్థానిక జులూ సమాజాలకు తిరిగి దక్కింది. వాళ్లే దాన్ని మళ్లీ రిజర్వుకు లీజుకిచ్చారు. ఇంఫొలోజి 1895 నాటి రిజర్వు, దక్షిణాది తెల్ల ఖడ్గమృగం పూర్తిగా అంతరించకుండా నిలిచింది అక్కడే. వీటికి చాలామంది డర్బన్‌లో దిగి వెళ్తారు. 1860లో మద్రాసు నుంచి కూలీలను మోసుకెళ్లిన మొదటి ఓడ చేరింది ఈ రేవుకే. ఆ తర్వాత చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. వాళ్ల మనవలు, మునిమనవలు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. అడవికి పోతూ ఆ ఊళ్లో ఒక రోజు ఆగితే నష్టం లేదు.

నీళ్ల మీద, కాళ్ల మీద

బోట్స్‌వానా ఈ వ్యాపారంలో అన్నిటికంటే ఖరీదైన దేశం. అది పొరపాటున జరిగింది కాదు. తక్కువమంది రావాలి, వచ్చినవాళ్లు ఎక్కువ కట్టాలి అన్నది 1990 నుంచి ఆ ప్రభుత్వం రాసి పెట్టుకున్న విధానం. ఒకవాంగో డెల్టాలో భూమిని పెద్ద పెద్ద ఖండాలుగా విడగొట్టి, ఖండానికి ఒకటి రెండు చిన్న క్యాంపులకే అనుమతిస్తారు. సీజన్లో తలకు రాత్రికి 1,500 డాలర్ల నుంచి 3,000 పైదాకా ఉంటుంది. రోడ్లు దాదాపు లేవు. మౌన్ ఊరి నుంచి చిన్న విమానాల్లో ఎగిరి గడ్డి మీద దిగాలి. ఉప్పు దగ్గర్నుంచి డీజిల్ దాకా అన్నీ అలాగే మోసుకు రావాలి కాబట్టి ధరలో కొంత దానికే పోతుంది.

అంత పెట్టి వెళ్లేది ఎందుకంటే, ఇలాంటి నది ఇంకోటి లేదు. అంగోలా కొండల మీద జనవరి, ఫిబ్రవరిలో పడ్డ వాన నెలల తరబడి నెమ్మదిగా పారి, జూన్ నుంచి ఆగస్టు మధ్య ఇక్కడికి చేరుతుంది. అప్పటికి ఇక్కడ వానలు ఆగి నెలలవుతుంది, చుట్టూ కలహారి ఎండిపోయి ఉంటుంది. కరువు కాలంలో వరద! సముద్రాన్ని చేరకుండా ఇసుకలోనే ఇంకిపోయే ఆ నీళ్ల కోసం ఏనుగులు మందలు మందలుగా వస్తాయి. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా దీన్ని చేర్చారు. డెల్టాలోని మోరేమీ రిజర్వుని 1963లో పెట్టింది సర్కారు కాదు. వేటతో జంతువులు తరిగిపోవడం చూసి బటవానా తెగవాళ్లే తమ భూమిని వదిలిపెట్టారు. ఇక్కడ జీపుకంటే మొకోరో అనే సన్నటి పడవ మేలు. గడకర్రతో తోస్తుంటే రెల్లు మధ్య చప్పుడు లేకుండా పోతుంది. ఒక హెచ్చరిక. 2014లో ఆపిన ఏనుగుల వేటను బోట్స్‌వానా 2019లో మళ్లీ తెరిచింది. పక్క ఖండంలో వేట నడుస్తుందేమో బుకింగ్‌కి ముందే అడగాలి.

జాంబియాలోని సౌత్ లువాంగ్వా జాతీయవనం నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా ఇష్టమైన చోటు. 1950లో నార్మన్ కార్ అనే అధికారి న్సెఫు అనే స్థానిక తెగ పెద్దను ఒప్పించి, వేటకు కాక చూడటానికి మాత్రమే వచ్చేవాళ్ల కోసం క్యాంపు పెట్టించాడు. వచ్చిన డబ్బు ఆ ఊరివాళ్లకే. నడక సఫారీకి పేరొచ్చింది ఇక్కడే. ముందు తుపాకి పట్టిన స్కౌట్, వెనక గైడ్, ఆ వెనక వరసగా మీరు. సింహాన్ని పది గజాల నుంచి చూడటం కాదు అసలు సంగతి. పేడ చూసి ఎవరిదో చెప్పడం, చీమల పుట్ట చుట్టూ ఉన్న జాడలు చదవడం. క్యాంపుల్లో హంగులు తక్కువ. కొన్ని గడ్డి గుడిసెలు ఏటా వానల ముందు విప్పేసి, వానల తర్వాత మళ్లీ కడతారు. విలాసానికి ఇదీ ఒక రూపమే.

టాంజానియాలోని న్గొరొంగొరో గురించి రెండు ముక్కల్లో. ఎప్పుడో కూలిన అగ్నిపర్వతపు గిన్నె, అడుగున 260 చదరపు కిలోమీటర్లలో వేల జంతువులు. అద్భుతమే, కానీ ఒక్క రోజు చాలు. బండ్ల రద్దీ ఎక్కువ. పైగా ఆ ప్రాంతం నుంచి మసాయి కుటుంబాలను వేరే జిల్లాకు తరలించే కార్యక్రమం మీద గొడవ ఇంకా చల్లారలేదు.

మన సెలవులు, వాళ్ల వానలు

తెలుగు కుటుంబం సఫారీ ప్లాను దెబ్బతినేది ఎక్కువగా క్యాలెండరు దగ్గర. పిల్లలకు సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా అప్పుడే కెన్యా, టాంజానియాల్లో పెద్ద వానలు. మార్చి నుంచి మే దాకా మట్టిదారుల్లో బండ్లు దిగబడతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు, గడ్డి మనిషంత ఎత్తున ఉంటుంది. ఏజెంటు ‘సమ్మర్ స్పెషల్’ అని సగం ధరకు మారా ఇస్తున్నాడంటే కారణం ఇదే. అబద్ధం చెప్తున్నాడని కాదు, వానలు మనకిష్టమైతే వెళ్లవచ్చు కూడా. తెలిసి వెళ్లాలి.

మే నెలకు సరిపోయేది దక్షిణాఫ్రికా. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. మేలో ఆకులు రాలుతూ పొదలు పలచబడుతుంటాయి, నీటి గుంటలు తగ్గుతుంటాయి, దోమలు తక్కువ. తెల్లవారుజామున పైకప్పు లేని బండిలో చలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి ఉన్ని టోపీ, జర్కిన్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే వేడి అనుకుని కాటన్ చొక్కాలతో దిగేవాళ్లను చూసి లాడ్జివాళ్లకు అలవాటైపోయి, సీట్ల మీద దుప్పట్లు, వేడినీళ్ల సంచులు పెడతారు. దసరా సెలవులకు మారాలో వలస చివరి రోజులు దొరకవచ్చు. ఒకవాంగో, లువాంగ్వాల్లో అక్టోబరులో జంతువులు బాగా కనపడతాయి గానీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు మనకు భయం లేదంటే ఇదే అదను. సంక్రాంతి తర్వాత జనవరి చివర్లో, ఫిబ్రవరిలో వెళ్లగలిగితే దక్షిణ సెరెంగెటిలోని న్దుటు వైపు చూడండి. కొన్ని వారాల్లో లక్షల వైల్డ్‌బీస్ట్ దూడలు పుడతాయి. పుట్టిన కాసేపటికే లేచి పరిగెత్తాలి, ఎందుకంటే చీతాలు, హైనాలు అక్కడే కాచుకుని ఉంటాయి. నది దాటడంకంటే ఇదే చూడదగ్గదని నా అభిప్రాయం. జనమూ తక్కువే.

ఎన్ని రాత్రులు అన్నదానికి ఒకే నియమం. ఒక్క చోట మూడు రాత్రులకు తగ్గొద్దు. వారంలో నాలుగు పార్కులు అంటూ ఏజెంట్లు ఇచ్చే పట్టికల్లో సగం పగళ్లు రోడ్డు మీదే పోతాయి. సవారీలు తెల్లవారకముందు ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం సింహాలతోపాటు మీరూ పడుకోవచ్చు. మూడు రాత్రులుంటే ఆరు సవారీలు దొరుకుతాయి. మొదటి రెండూ కంగారులోనే గడిచిపోతాయి.

ధర అడిగేటప్పుడు పార్కు రుసుములు, కన్జర్వెన్సీ రుసుములు, లోపలి విమానాలు, పానీయాలు కలిపే చెప్తున్నారా అని తరచి అడగాలి. అన్నీ కలిపినట్టే కనిపించి, తలకు రోజుకు 100, 200 డాలర్లు చివర్లో బయటపడటం మామూలు. గైడ్‌కి, ట్రాకర్‌కి, క్యాంపు సిబ్బందికి టిప్పులు వేరుగా పెట్టుకోవాలి. గైడ్‌కి తలకు రోజుకు 10 నుంచి 20 డాలర్లు వాడుక. బండి ఎంతమందితో పంచుకోవాలన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. బండికి ఆరుగురైతే, అందులో ఒకరికి పక్షుల పిచ్చి, ఇంకొకరికి సింహం తప్ప ఏదీ వద్దు. కుటుంబం నలుగురైదుగురు ఉంటే పెద్ద గది తగ్గించి ఆ డబ్బుతో సొంత బండి తీసుకోవడం మంచి బేరం. మన దగ్గర టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తారు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు.

గైడ్ సంగతి బ్రోచర్లలో ఒక్క వాక్యంలో తేలిపోతుంది గానీ మొత్తం యాత్ర అతని చేతిలో ఉంటుంది. కెన్యాలో గైడ్లకు పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు ఇస్తారు. గోల్డ్ వాళ్లు చాలా తక్కువమంది. దక్షిణాఫ్రికాలో ఫగాసా అనే సంఘం ధ్రువీకరిస్తుంది. క్యాంపులో సిల్వర్ గైడ్లు ఎంతమంది అని మీరు ఈమెయిల్‌లో అడిగితే, అవతలివాడి జవాబు తీరుని బట్టే క్యాంపు గుట్టు తెలిసిపోతుంది.

మిగతా ఏర్పాట్లు త్వరగా ముగిద్దాం. కెన్యా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, కార్డు జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం అక్కడి ఆరోగ్యాధికారులకుంది. 2025 నుంచి హైదరాబాదు నుంచి అడిస్ అబాబాకు నేరుగా విమానం ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లూ కార్డు దగ్గరుంచుకోవడం మంచిది. కెన్యాకు 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్ అనుమతి. దక్షిణాఫ్రికాకు వీసా కావాలి, పిల్లలకు తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం దగ్గరుంచుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టరు చెప్పినట్టు వేసుకోవాలి. చిన్న విమానాల్లో కెన్యాలో 15 కిలోలు, బోట్స్‌వానాలో 20 కిలోల మెత్తటి సంచులే ఎక్కనిస్తారు. చక్రాల గట్టి సూట్‌కేసు నైరోబిలో వదిలి వెళ్లాల్సిందే. నీలం, నలుపు బట్టలకు సెట్సీ ఈగలు మూగుతాయి. కెన్యాలోకి ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్లకూడదు, పార్కుల్లో డ్రోను ఎగరేయకూడదు. శాకాహారం, ఉల్లి వెల్లుల్లి పట్టింపు లాంటివి బుకింగ్ నాడే రాసి పంపితే మంచి క్యాంపులు పప్పు, అన్నం, రొట్టెలు చక్కగానే పెడతాయి. అక్కడికి దిగాక చెప్తే ఉడకబెట్టిన కూరగాయలే గతి. చాలా లాడ్జిలు ఆరేళ్లలోపు పిల్లల్ని బండి ఎక్కనివ్వవు, కొన్ని పన్నెండేళ్లలోపు వాళ్లను రానివ్వనే రానివ్వవు.

ఒకటి మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. దక్షిణాఫ్రికాలో సింహం పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగనిచ్చే చోట్లు, సింహంతో నడిపించే చోట్లు. ఆ పిల్లలు పెద్దయ్యాక వాటిని మళ్లీ అడవిలో వదలరు. చాలావాటికి కంచెల మధ్య డబ్బిచ్చి వేటాడేవాడి తుపాకే గతి. 2021లో ఆ ప్రభుత్వమే ఈ పరిశ్రమను మూసేస్తామని ప్రకటించింది, పని మాత్రం నత్తనడకన సాగుతోంది.

ఇక తీర్పు. మొదటిసారి వెళ్లే తెలుగు కుటుంబానికి నా ఓటు మే నెలలో సాబీ సాండ్‌కి. మధ్యరకం లాడ్జిలో నాలుగు రాత్రులు, ముందు రెండు రోజులు క్రూగర్‌లో సొంతంగా కారు తిప్పుకోవడం. పిల్లలు చిన్నవాళ్లయితే సాబీ సాండ్ బదులు మాదిక్వె. సెలవులతో పని లేని దంపతులకు ఫిబ్రవరిలో న్దుటు, లేదా సెప్టెంబరులో మారా కన్జర్వెన్సీ. ఒకవాంగో రెండోసారికి దాచుకోండి. మొదటే అది చూస్తే దాని ప్రత్యేకత తెలియదు, ఖర్చు మాత్రం తెలుస్తుంది. సాబీ సాండ్‌లో బాగున్న లాడ్జిల్లో చాలావాటిలో గదులు పది పదిహేనుకు మించవు. మే నెలకు కావాలంటే అంతకుముందు దసరా నాటికే బుక్ చేసుకోవాలి.